విసిరిన రాయి: అడ్డం, నిలువు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసినప్పుడు, "పాత జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు, ఇరవై నిమిషాల్లో ముగించు" అన్నారు. నేను సాగునీటి ప్రాజెక్టుల పని చేసే సివిల్ ఇంజనీరుని. ఇరవై నిమిషాల్లో ఒక పాఠానికి మించి చెప్పలేను. కాబట్టి ఒకే పాఠం ఎంచుకున్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో వస్తుంది. తెలుగు మీడియం పుస్తకంలో దాని పేరు ప్రక్షేపక చలనం. పేరు చూసి బెదరకండి. విసిరిన రాయి ఎలా పోతుంది, ఎక్కడ పడుతుంది అన్నదే ఆ పాఠం. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పిన రైతుకు, బిళ్ళంగోడు ఆడిన పిల్లవాడికి చేతికి తెలిసిన విద్యే. చేతికి ఇంత బాగా తెలిసింది పరీక్ష కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు తప్పిపోతుందన్నదే ఇవాళ నా బాధ.

బాధ అని ఎందుకంటున్నానో చెబుతాను. కొత్తగా ఇంజనీరింగ్ పాసై ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే పని కొన్నేళ్ళుగా నా మీద పడింది. అందరినీ ఒక ప్రశ్న అడుగుతాను. కాగితం మీద ఒక వంపు గీత గీస్తాను. "ఏటవాలుగా విసిరిన బంతి ఇది. సరిగ్గా పై కొసన ఉంది. గాలి సంగతి వదిలేయండి. ఈ క్షణంలో బంతి మీద పనిచేసే బలాలన్నీ బాణాలతో గీయండి" అంటాను. చాలామంది రెండు బాణాలు గీస్తారు. ఒకటి కిందికి, అది బరువు. రెండోది ముందుకు. "ఇదేమిటి నాయనా?" అంటే "విసిరిన బలం సార్" అంటారు. పై కొసన వేగం ఎంత అంటే కొందరు వెంటనే "సున్నా" అంటారు. సరే, బంతి ఎంత దూరంలో పడుతుంది అని అడిగితే మాత్రం తడుముకోరు. "యూ స్క్వేర్ సైన్ టూ తీటా బై జీ" అని ఊపిరి పీల్చుకోకుండా చెబుతారు. గరిష్ఠ ఎత్తుకు, వ్యాప్తికి మధ్య ఉండే అడ్డదారి సూత్రం కూడా చెబుతారు. సూత్రం నూటికి నూరు పాళ్ళు సరైనదే. కానీ అదే కాగితం మీద ఉన్న ఆ ముందుకు పోయే బాణం నిజమైతే, ఆ సూత్రం అబద్ధం కావాలి. రెండూ ఒకే తలలో పక్కపక్కన కాపురం చేస్తున్నాయి, ఒకదాని మొహం ఒకటి చూడకుండా.

ఇది మన పిల్లలకే పట్టిన జబ్బు కాదు. అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నే ఇచ్చి, ఫలితాలు 1982లో ప్రచురించాడు. నిలువుగా ఎగరేసిన నాణెం ఇంకా పైకి పోతూ ఉంది, దాని మీది బలాలు గీయండి అన్నాడు. చేయి వదిలేశాక పైకి నెట్టే బలమంటూ ఏదీ లేదు. అయినా ఎక్కువమంది పైకి ఒక బాణం గీశారు. 1983లో మైకేల్ మెక్‌క్లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసం కూడా ఇలాంటిదే. నడుస్తున్న మనిషి చేతిలోంచి బంతి వదిలితే ఎక్కడ పడుతుందని అడిగితే, వదిలిన చోటికి సరిగ్గా కింద అని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారట. నిజానికి మనిషితో పాటు బంతి కూడా ముందుకు పోతూనే పడుతుంది. ఇక్కడున్న వాళ్ళెవరైనా నడుస్తున్న బస్సులో సీట్లో కూర్చుని వేరుశనక్కాయ ఎగరేసి నోటితో పట్టుకున్నారా? బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నా కాయ వెనక సీటువాడి నోట్లో పడదు.

మరి ఆ లేని బాణం ఎక్కడి నుంచి వస్తోంది? అది తెలివితక్కువతనం కాదని నా గట్టి నమ్మకం. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది. నెట్టడం మానితే తోపుడుబండి ఆగుతుంది. తొక్కడం మానితే సైకిల్ కాసేపటికి ఆగుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఒళ్ళు నేర్చుకున్న పాఠం ఇది: కదిలే ప్రతిదాన్నీ ఏదో ఒకటి నెడుతూ ఉండాలి. మన చుట్టూ ఉన్నదంతా రాపిడి నిండిన లోకం కాబట్టి ఆ పాఠం రోజూ నిజమవుతూనే ఉంటుంది. అరిస్టాటిల్ అంతటివాడు అదే అన్నాడు. మరి చేయి వదిలిన రాయిని ఎవరు నెడుతున్నారయ్యా అంటే, వెనకనుంచి గాలి నెడుతోందన్నాడు. తరువాతి పండితులు కొందరు గాలి కాదు, చేయే రాయిలోకి ఒక శక్తిని నింపి పంపుతుంది, అది దారిలో ఖర్చయిపోతుంది అన్నారు. వయసులో ఉన్నప్పుడు గెలీలియో కూడా దాదాపు ఇదే రాశాడు. అంటే మన ఇంటర్వ్యూ కుర్రవాడు గీసిన బాణానికి గొప్ప వంశమే ఉంది. దాన్ని "తప్పు" అని ఎర్రసిరాతో కొట్టేస్తే పోదు. సూత్రం బట్టీ పట్టించినా పోదు. కళ్ళతో చూడాలి, చెవులతో వినాలి.

అందుకే జేబులో రెండు రూపాయి బిళ్ళలు, ఒక స్కేలు తెచ్చాను.

(ఇక్కడ ప్రయోగం చేసి చూపాను. చదివేవారి కోసం వివరం: స్కేలును బల్ల అంచున కాస్త ఏటవాలుగా పెట్టి, ఒక కొస బల్ల బయటికి వచ్చేలా ఉంచాలి. బయటి కొస మీద ఒక బిళ్ళ. రెండో బిళ్ళ బల్ల మీదే, స్కేలుకు ఆనించి, అంచు దగ్గర. లోపలి కొసను వేలితో అదిమిపట్టి, బయటి కొసను పక్కకు చురుగ్గా కొట్టాలి. స్కేలు కిందనుంచి జారిపోవడంతో మొదటి బిళ్ళ ఉన్నచోటే నిలువుగా పడుతుంది. రెండోది దెబ్బ తిని ముందుకు ఎగిరి దూరంగా పడుతుంది. మైకును నేల దగ్గర పట్టుకోమన్నాను.)

ఏది ముందు నేలను తాకుతుందని అడిగితే, నిలువుగా పడేదే ముందు అని ఎక్కువ చేతులు లేచాయి. దాని దారి పొట్టి కదా అని. ఇప్పుడు విన్నారుగా. రెండు "టక్"లు కాదు, ఒకటే. ఇంకా గట్టిగా కొట్టినా ఒకటే. బల్ల ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. అక్కడినుంచి పడడానికి 0.4 సెకను పడుతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో ఎగిరిన బిళ్ళ ఆ 0.4 సెకనులో 80 సెంటీమీటర్లు ముందుకు పోతుంది, నాలుగు మీటర్ల వేగంతో ఎగిరింది 160 సెంటీమీటర్లు పోతుంది. కానీ రెండూ గాలిలో ఉన్నది అదే 0.4 సెకను. ముందుకు ఎంత జోరుగా పోతున్నావన్నది కింద పడడానికి అనవసరం. కింద పడుతున్నావన్నది ముందుకు పోవడానికి అనవసరం.

పాఠమంతా ఈ రెండు వాక్యాలే.

వారపత్రికల్లో గళ్ళ నుడికట్టు పూరించే అలవాటు ఉన్నవాళ్ళకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. అడ్డం ఆధారాలు వేరు, నిలువు ఆధారాలు వేరు. అడ్డం మాటకు అర్థం వెతికేటప్పుడు నిలువు మాట ఏమిటన్నది మనకు పట్టదు. కానీ రెండు మాటలూ ఒక గడిలో కలుస్తాయి, అక్కడి అక్షరం రెండింటికీ ఉమ్మడి. విసిరిన రాయి లెక్కలో ఆ ఉమ్మడి గడి పేరు కాలం. నిలువు లెక్క చేసి, గాలిలో ఎన్ని సెకన్లు ఉంటుందో కనుక్కోండి. ఆ సెకన్లను అడ్డం లెక్కలోకి తెచ్చి వేగంతో హెచ్చవేయండి. దూరం వచ్చేస్తుంది. పుస్తకంలో క్షితిజ సమాంతర అంశం, ఊర్ధ్వ అంశం అని ఉంటాయి. నాకు వాటి మీద గౌరవమే గానీ, అడ్డం, నిలువు అంటే సరిపోయేదానికి నోరు తిరగని మాటలు పెట్టి పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నామేమో అనిపిస్తుంది.

ఇంకొక రకంగా కూడా చూడవచ్చు. నాకు సూత్రాల కన్నా ఇదే ఇష్టం. రాయి విసిరిన దిశలో ఒక తిన్నని గీత గీయండి. భూమి లాగకపోతే రాయి ఆ గీత మీదే పోతూ ఉండేది. ఇప్పుడు భూమిని తీసుకురండి. మొదటి సెకను చివర రాయి ఆ గీతకు సుమారు 5 మీటర్ల కింద ఉంటుంది. రెండో సెకను చివర 20 మీటర్ల కింద. మూడో సెకను చివర 45 మీటర్ల కింద. గీత ఏ కోణంలో ఉన్నా, ఎంత వేగంతో విసిరినా ఈ జారుడు మారదు. చేతిలోంచి ఊరికే వదిలేసిన రాయి కూడా 5, 20, 45 మీటర్లే పడుతుంది. సెకను సెకనుకూ పడిన దూరాలు విడిగా చూస్తే 5, 15, 25. అంటే ఒకటి, మూడు, ఐదు వంతులు. ఈ బేసి సంఖ్యల వరసను పట్టుకున్నది గెలీలియోయే. 1638లో, కంటిచూపు పోయి, గృహనిర్బంధంలో ఉన్న ముసలితనంలో, ఆయన చివరి పుస్తకం హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చయింది. పేరు తెలుగులో చెప్పాలంటే "రెండు నూతన శాస్త్రాలు". నలుగురు కూర్చుని మాట్లాడుకున్నట్టుగా కాదు, ముగ్గురు మాట్లాడుకున్నట్టు రోజుల వారీగా రాశాడు. నాలుగో రోజు చర్చంతా ఈ విసిరిన వస్తువుల గురించే. దాని దారి పరావలయం అని తేల్చింది అందులోనే. అంతకు వందేళ్ళ ముందు, 1537లో, టార్టాగ్లియా అనే ఇటలీ లెక్కల పండితుడు ఫిరంగిగుండు 45 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా దూరం పోతుందని చెప్పాడు గానీ, దాని దారిని మాత్రం ముందు తిన్నగా, మధ్యలో వంపుగా, చివర నిలువుగా మూడు ముక్కలు చేసి గీశాడు. ఎక్కడ పడుతుందో తెలుసు, ఎలా పోతుందో తెలియదు. మన ఎంట్రన్స్ ర్యాంకర్ల పరిస్థితి కొంచెం ఇలాగే ఉందని నవ్వుకుంటాను.

ఈ గీత పద్ధతితో ఒక చిక్కు ప్రశ్న విప్పవచ్చు. చెట్టుకు మామిడికాయ వేలాడుతోంది. దానికేసి గురి చూసి రాయి విసరబోతున్నారు. మీరు రాయి వదిలిన క్షణంలోనే తొడిమ తెగి కాయ పడడం మొదలైంది. రాయి కాయకు తగలాలంటే గురి ఎక్కడ పెట్టాలి? కాయ కిందికి పోతుంది కాబట్టి కిందికి గురి పెట్టాలనిపిస్తుంది. అక్కర్లేదు. నేరుగా కాయ ఉన్నచోటికే పెట్టండి. ఆ తరువాత ఎంతసేపైనా రాయి తన గీత కిందికి ఎంత జారుతుందో, కాయ కూడా సరిగ్గా అంతే జారుతుంది. నేలను తాకేలోగా రాయి అంతదూరం పోగలిగితే తగిలి తీరుతుంది. తొడిమ తెగకపోతేనే కాయకు పైగా గురి పెట్టాలి. మనమందరం చేసినది అదే. ఎవరూ నేర్పకుండానే పైకి గురి పెట్టాం.

అదే 5 మీటర్ల జారుడు మిమ్మల్ని శ్రీహరికోట దాకా తీసుకెళుతుంది. భూమి గుండ్రంగా ఉంది కదా. నేలకు సమాంతరంగా తిన్నని గీత గీసుకుంటూ పోతే, సుమారు 8 కిలోమీటర్లు పోయేసరికి నేల ఆ గీతకు 5 మీటర్ల కిందికి వంగిపోతుంది. సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో ఒక వస్తువును అడ్డంగా పంపారనుకోండి. ఒక సెకనులో అది 5 మీటర్లు పడుతుంది. నేల కూడా అంతే కిందికి వంగింది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ వంగుతుంది. గాలి అడ్డు రానంత ఎత్తులో ఉంటే అలా పడుతూనే ఉంటుంది, నేలను మాత్రం చేరదు. ఉపగ్రహం పడకుండా ఆగిన వస్తువు అనుకుంటారు. అది ఎప్పుడూ పడుతూనే ఉన్న వస్తువు, మా రూపాయి బిళ్ళకు పెద్దన్న. ఈ ఊహ న్యూటన్‌ది.

మైదానంలోకి వద్దాం. బౌండరీ దగ్గర ఫీల్డరు సెకనుకు 28 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 100 కిలోమీటర్లతో, బంతి విసిరాడనుకుందాం. గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, 45 డిగ్రీల్లో విసిరితే 80 మీటర్ల దూరం పోతుంది, 20 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. 30 డిగ్రీల్లో విసిరితే 69 మీటర్లు. 60 డిగ్రీల్లో విసిరినా అదే 69 మీటర్లు. 45కి అటు ఎంత ఎక్కువో ఇటు అంత తక్కువైతే దూరం ఒకటే అని గెలీలియో కూడా రాశాడు. కానీ 30 డిగ్రీల బంతి 10 మీటర్ల ఎత్తులో పోయి 2.9 సెకన్లలో వికెట్ల దగ్గరికి చేరుతుంది. 60 డిగ్రీల బంతి 30 మీటర్లు లేచి, 5 సెకన్లకు దిగుతుంది. ఆ రెండు సెకన్ల తేడాలో రనౌట్ ఉంది. ఫీల్డర్లు బంతిని నేలబారుగా ఎందుకు విసురుతారో ఏ కోచ్ అయినా చెబుతాడు, ఎందుకన్న లెక్క మాత్రం ఈ పాఠంలో ఉంది. పైగా ఆ 30 డిగ్రీల బంతి పై కొసన కూడా గంటకు 87 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతోంది. నిలువు వేగం మాత్రమే సున్నా. పై కొసన వేగం సున్నా అన్న కుర్రవాణ్ణి ఆ బంతికి అడ్డంగా నిలబెట్టాలి. (నవ్వులు.)

గాలి ఉన్నచోట ఈ లెక్క ఎంత తప్పుతుందో కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టే. గుండు ఎత్తుకుని విసిరితే గాలి ప్రభావం లెక్కలోకి రాదు. క్రికెట్ బంతికి దూరం కొంత తగ్గుతుంది. షటిల్ కాక్‌కు మాత్రం పరావలయం పనికిరాదు. సింధు ఎత్తుగా లేపిన షటిల్‌ను టీవీలో గమనించండి, జోరుగా పైకిపోయి, వేగమంతా పోగొట్టుకుని చివర్లో దాదాపు నిలువుగా దిగుతుంది. టోక్యోలో 2021లో నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం తెచ్చాడు. ఈటె విసిరేవాళ్ళు 45 డిగ్రీల్లో విసరరు, 40 లోపే విసురుతారు. గాలి ఈటెను కొంత మోస్తుంది, పైగా మనిషి భుజం అంత ఏటవాలులో అంత వేగం ఇవ్వలేదు. సూత్రం 45 అంటుంది, భుజం ఒప్పుకోదు.

ఇక నా వృత్తిలోకి వస్తాను. శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు మీలో చాలామంది వెళ్ళి చూసి ఉంటారు, ఫొటోలు దిగి ఉంటారు. 12 గేట్లు. నీరు స్పిల్‌వే మీదుగా జారి, కింద ఒకచోట మళ్ళీ గాలిలోకి లేచి, దూరంగా దూకుతుంది. ఆ లేచేచోట కాంక్రీటును గరిటెలాగా పైకి వంచి కడతారు. మేం బకెట్ అంటాం. ఎందుకలా? ఉదాహరణకు 50 మీటర్ల ఎత్తు నుంచి దిగిన నీరు, రాపిడి వదిలేస్తే, సెకనుకు 31 మీటర్ల వేగంతో వస్తుంది. అంటే గంటకు 110 కిలోమీటర్లు దాటి. లారీలు కాదు, నది అంతా ఆ వేగంతో వస్తోంది. దాన్ని ఆనకట్ట పాదం దగ్గరే పడనిస్తే, పునాది కింది రాతిని తవ్వేస్తుంది. ఆపలేం కాబట్టి దూరంగా విసిరేస్తాం. గాలిలో నీరు చీలి తుంపరగా మారి కొంత బలం పోగొట్టుకుంటుంది, మిగిలిన బలంతో ఆనకట్టకు హాని లేనంత దూరంలో పడుతుంది.

ఎంత దూరంలో? అదే రాయి లెక్క. వేగం వర్గం అంటే రెండు ఇంటూ జీ ఇంటూ నీరు దిగిన ఎత్తు. దాన్ని వ్యాప్తి సూత్రంలో పెట్టండి. పైన ఒక జీ, కింద ఒక జీ, రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేది: ఎత్తుకు రెండు రెట్లు, ఇంటూ సైన్ టూ తీటా. చందమామ మీద ఆనకట్ట కట్టినా నీరు అంతే దూరం దూకుతుంది, కాకపోతే తీరిగ్గా దూకుతుంది. 50 మీటర్ల ఎత్తు, 30 డిగ్రీల గరిటె అయితే, గరిటె అంచు మట్టానికి మళ్ళీ వచ్చేసరికి దాదాపు 87 మీటర్లు. నది మట్టం ఇంకా కింద ఉంటే ఇంకాస్త ఎక్కువ. నిజం నీటికి గాలి వల్ల కొంత తక్కువ.

పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఇక్కడ ఉంది. 45 డిగ్రీలు పెడితే 100 మీటర్లు పోతుంది కదా, ఎందుకు పెట్టరు? ఏ కోణంలో లేస్తుందో, అదే మట్టానికి వచ్చేటప్పుడు అదే కోణంలో దిగుతుంది కాబట్టి. ఏటవాలు ఎక్కువైతే నీరు నది అడుగులోకి గునపంలాగా దిగుతుంది. పైగా 30 డిగ్రీలకు నీరు 12.5 మీటర్లు లేస్తే, 45కు 25 మీటర్లు లేస్తుంది. అందుకని సాధారణంగా 30కీ 40కీ మధ్య ఎక్కడో రాజీ పడతారు. 13 మీటర్ల దూరం వదులుకుని, తక్కువ లోతు గొయ్యి కొనుక్కున్నట్టు. అయినా గొయ్యి పడుతుంది. శ్రీశైలం దిగువన ఉన్న గొయ్యిని ప్లంజ్ పూల్ అంటారు, పేపర్లలో తరచు చదువుతుంటారు. ఆనకట్ట భద్రత గురించి ఇంజనీర్లు మాట్లాడుకునే ప్రతిసారీ అది చర్చకు వస్తుంది. గొయ్యి ఎక్కడ పడుతుందో, ఎటు పెరుగుతుందో చూసుకోవడమంటే, నీరు ఎక్కడ పడుతుందో తెలుసుకోవడమే. ఇలాంటి చోట, పై కొసన బంతికి ముందుకు బాణం గీసే ఇంజనీరు సూత్రంలో అంకెలు వేసి జవాబు తేగలడు. గేట్లలో కొన్ని సగం తెరిచినప్పుడు, నీరు పలచగా వచ్చి గరిటె నుంచి సరిగ్గా లేవనప్పుడు ఏమవుతుందని అడిగితే మాత్రం అతని దగ్గర సూత్రం ఉండదు. అప్పుడు మనసులో నీటిని నడిపించి చూడగలగాలి.

సంఘం స్వర్ణోత్సవ నిధితో సైన్సు గదికి ఏం కొనాలన్న చర్చ జరుగుతోందని విన్నాను. స్మార్ట్ బోర్డు మీద నాకు కోపం లేదు. బోర్డు మీద బంతి ఎటు పొమ్మంటే అటు పోతుంది, అదే నా అభ్యంతరం. దానితో పాటు ఒక పది కొలత టేపులు, నాలుగు స్టాప్ వాచీలు, తెరిచి ఉండే ఒక గది, నెలకొక శనివారం వచ్చి పిల్లలతో కూర్చునే ఒక పూర్వ విద్యార్థి కావాలి. మొదటి మూడింటి ఖర్చు నేను భరిస్తాను. నాలుగోది డబ్బుతో రాదు, ఇక్కడున్న నాలుగు వందల మందిలోంచి రావాలి. నా పేరు మొదట రాసుకోండి. పక్షుల్ని తోలడానికి వడిసెలతో గురి తప్పకుండా కొట్టగల పిల్లవాడు, సైన్ టూ తీటా నోటికి రాలేదని ఫిజిక్స్ తనది కాదనుకుని పదోతరగతితో వదిలేస్తున్నాడు. నాకు తెలిసి ఇంతకన్నా పెద్ద నష్టం లేదు. మాస్టార్లను అనడం లేదు. గడియారం చూసుకుంటూ బిట్లు పెట్టే పరీక్ష ఉన్నంతకాలం వాళ్ళైనా ఏం చేస్తారు?

చివరగా ఒక పని. భోజనాల తరువాత పిల్లలందరూ వంటశాల వెనక బోరింగు దగ్గరికి రండి. అక్కడ ఒక డ్రమ్ము పెట్టించాను, నేల మీదే. అందులో 80 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళుంటాయి, పైపుతో ఆ మట్టం తగ్గకుండా పోస్తూ ఉంటాం. అడుగు నుంచి 20, 40, 60 సెంటీమీటర్ల దగ్గర ఒకే సైజు రంధ్రాలు మూడు, వాటికి కొయ్య బిరడాలు. ఏ రంధ్రం నీరు అన్నిటికన్నా దూరం పడుతుంది? అడుగు రంధ్రం నీటికి వేగం ఎక్కువ, కానీ నేల దగ్గర కాబట్టి గాలిలో ఉండే సమయం తక్కువ. పై రంధ్రానికి సమయం ఎక్కువ, వేగం తక్కువ. బిరడా తీయకముందే ఎవరి జవాబు వాళ్ళు కాగితం మీద రాసి, పేరు రాసి నాకివ్వాలి. రాయనివాళ్ళకు బిరడా తీసే అవకాశం లేదు. టేపు నా దగ్గర ఉంది. లెక్క ప్రకారం రావాల్సిన మూడు దూరాలు నేనూ ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. నీరు రంధ్రం అంచులకు రాసుకుంటూ వస్తుంది కాబట్టి టేపు మీద రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ రావచ్చు, అంతకు మించి తేడా వస్తే ఎందుకో అందరం కలిసి వెతుకుదాం. ఆ మూడు అంకెలనూ ఇవాళ ఒకసారి విన్నారు, ఫీల్డరు దగ్గర. చెప్పులు తడుస్తాయి, విప్పి రండి.